పెళ్లి బ్లూ-రే డిస్క్‌ను ఆడియో చెడకుండా బ్యాకప్ తీసుకోవడం ఎలా?

పెళ్లి బ్లూ-రేను ఫైల్‌గా మార్చిపెట్టమని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే సొంతంగా ఒకసారి మార్చి, చెడగొట్టుకుని వస్తారు. బొమ్మ బాగానే ఉంటుంది. పోయేది సౌండే. పంతులుగారి పెదవులు ఒకచోట, మంత్రం ఇంకోచోట ఉంటాయి. లేదంటే ఫోన్‌లో మోగే వీడియో టీవీలో మూగబోతుంది. నిందంతా డిస్క్ మీద వేస్తారు కానీ, చాలాసార్లు డిస్క్‌కి ఏమీ కాదు, మార్చేటప్పుడే పోతుంది.

కావలసినవి: యూఎస్‌బీ బ్లూ-రే డ్రైవ్ (మామూలు డీవీడీ డ్రైవ్ పనికిరాదు, లేజరే వేరు), 100 జీబీ ఖాళీ, నాలుగు ఉచిత ప్రోగ్రామ్‌లు. అవి ఎంకేవీటూల్‌నిక్స్, మీడియాఇన్ఫో, హ్యాండ్‌బ్రేక్, వీఎల్‌సీ. స్టూడియో వాళ్లు రాసిచ్చే డిస్కులకు సాధారణంగా తాళం (కాపీ చేయనివ్వని రక్షణ) ఉండదు. షాపులో కొన్న సినిమా డిస్కుల సంగతి వేరు, వాటి గురించి ఇక్కడ చెప్పడం లేదు.

1. మొత్తం డిస్క్‌ను కాపీ చేయండి

డిస్క్ తెరిస్తే బీడీఎంవీ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు హార్డ్ డిస్క్‌లోకి లాగేయండి. సింగిల్ లేయర్ డిస్క్ 25 జీబీ, డబుల్ లేయర్ 50 జీబీ వరకు ఉంటుంది. కాపీ మధ్యలో ఆగితే మెత్తని పొడిగుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడవండి, గుండ్రంగా తిప్పి కాదు. డిస్క్ నుంచి నేరుగా ఎన్‌కోడ్ (కుదించి కొత్త ఫైల్‌గా మార్చడం) మాత్రం చేయొద్దు. డ్రైవ్ ఎక్కడైనా తడబడితే ఆడియోలో టప్పున ఒక శబ్దం పడుతుంది. మూడు గంటల వీడియోలో అది ఎక్కడ పడిందో ఎవరు వెతుకుతారు?

2. ముక్కలను ఒక్క ఎంకేవీ (వీడియో, ఆడియో కలిపి ఉంచే ఫైల్) గా చేయండి

స్ట్రీమ్ ఫోల్డర్‌లో 00000, 00001 అంటూ ఎం2టీఎస్ ఫైళ్లు ఉంటాయి. వీటిని విడివిడిగా మార్చి, తర్వాత అతికించడం ఎక్కువమంది చేసే పని. అతుకు పడిన ప్రతిచోటా ఆడియో పొడవుకీ వీడియో పొడవుకీ కొన్ని మిల్లీసెకన్ల తేడా రావచ్చు. అవన్నీ పోగైతే అప్పగింతల దగ్గరికి వచ్చేసరికి ఏడుపు ముందు, కన్నీళ్లు తర్వాత.

కాబట్టి స్ట్రీమ్ ఫోల్డర్ జోలికి వెళ్లకండి. ప్లేలిస్ట్ ఫోల్డర్‌లో ఉన్న ఎంపీఎల్ఎస్ ఫైల్‌ను (ఏ ముక్క తర్వాత ఏది రావాలో ఇందులో ఉంటుంది) ఎంకేవీటూల్‌నిక్స్‌లో తెరిచి, ఎంకేవీగా తీయండి. రెండు మూడు ఉంటే నిడివి ఎక్కువున్నది తీసుకోండి. వరుస, అతుకులు అదే చూసుకుంటుంది. ఇక్కడ ఎన్‌కోడింగ్ ఏమీ జరగదు, పచ్చడి జాడీలోంచి సీసాలోకి మార్చినట్టే. అసలైన బ్యాకప్ ఈ ఎంకేవీయే.

3. ఏముందో చూడండి, వినండి

మీడియాఇన్ఫోలో మూడు సంగతులు చూడండి: ఫ్రేమ్ రేట్, ఇంటర్లేస్డ్ (ఒక్కో ఫ్రేమ్‌ను రెండు సగాల గీతలుగా విడగొట్టి రాసినది) అవునా కాదా, ఆడియో ఫార్మాట్. మన స్టూడియోల డిస్కుల్లో తరచుగా 25 ఫ్రేమ్‌లు, ఇంటర్లేస్డ్, ఏసీ3 (డాల్బీ పద్ధతిలో కుదించిన సౌండ్) లేదా పీసీఎం (కుదించని సౌండ్) ఉంటాయి. తర్వాత వీఎల్‌సీలో గట్టిమేళం దగ్గర వినండి. అక్కడే సౌండ్ పగిలిపోతుంటే అది ఆ రోజు కెమెరా మైక్ తట్టుకోలేక పగిలింది, ఏ సెట్టింగూ బాగుచేయదు. ఇంకో మాట, బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లు పెట్టుకుని సింక్ (బొమ్మకీ సౌండ్‌కీ పొంతన) చూడకండి. ఆలస్యం వాటిలోనే ఉంటుంది.

4. టీవీలో, ఫోన్‌లో చూసుకునే ఫైల్‌ను హ్యాండ్‌బ్రేక్‌లో చేయండి

వీడియోకి ఎక్స్264 (వీడియోను కుదించే పద్ధతి), క్వాలిటీ ఆర్ఎఫ్ 18. ఇంటర్లేస్డ్ అయితే డీఇంటర్లేస్‌లో బాబ్ (ప్రతి సగాన్నీ ఒక పూర్తి ఫ్రేమ్‌గా చేసేది) ఎంచుకుని, ఫ్రేమ్ రేట్ 50, కాన్‌స్టంట్ అని పెట్టండి. బాబ్ వద్దనేవాళ్లు ఉన్నారు, ఫైల్ పెద్దదవుతుందని. కానీ అది లేకపోతే కెమెరా పక్కకు తిరిగిన ప్రతిసారీ బొమ్మ జెర్క్ ఇస్తుంది. ఎక్స్265తో ఫైల్ చిన్నదవుతుంది, నిజమే. అమ్మమ్మగారింట్లో పాత టీవీలో ఆడదు. పెళ్లి వీడియో ఎక్కువ చూసేది అమ్మమ్మే.

ఇక ఆడియో ట్యాబ్. చాలామంది దీన్ని తెరవకుండానే స్టార్ట్ నొక్కేస్తారు. తొంభై శాతం గొడవ ఇక్కడే.

ఒరిజినల్ ఏసీ3 అయితే ఏసీ3 పాస్‌త్రూ పెట్టండి. ఉన్న సౌండ్ ముట్టుకోకుండా అలాగే వెళ్తుంది. పీసీఎం అయితే ఏఏసీ ఫార్మాట్, స్టీరియో, 256 కేబీపీఎస్. ఆటో పాస్‌త్రూ అని పెట్టి నిద్రపోవద్దు. నేరుగా పంపలేని ఫార్మాట్ ఎదురైతే అది ఫాల్‌బ్యాక్ (ప్రత్యామ్నాయ ఫార్మాట్) సెట్టింగ్‌లో ఏముంటే దాంట్లోకి మార్చేస్తుంది, మిమ్మల్ని అడగదు. స్టీరియో సౌండ్‌కి 5.1 ఎంచుకుంటే థియేటర్ సౌండ్ వస్తుందనుకోవడం కూడా భ్రమే. లేని చానెళ్లను హ్యాండ్‌బ్రేక్ పుట్టించదు.

గెయిన్ సున్నా దగ్గరే ఉంచండి. మంత్రాలు సన్నగా వినిపిస్తున్నాయని దాన్ని పది దాకా లాగుతారు. మంత్రం పెరుగుతుంది, నిజమే. అదే లెక్కన నాదస్వరం కూడా పెరిగి పగులుతుంది, ఆ ఫైల్‌లో ఇక దాన్ని వెనక్కి తేలేం. టీవీలో నైట్ మోడ్ (పెద్ద శబ్దాలకీ సన్న శబ్దాలకీ మధ్య తేడా తగ్గించేది) ఉంటుంది, అది వాడుకోండి. శాంపిల్ రేట్ 48 కిలోహెర్ట్జ్ నుంచి 44.1కి దించే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. దించితే వచ్చే లాభం ఏమీ లేదు.

ఫోన్‌లో వినిపించి టీవీలో వినిపించకపోతే అది ఫార్మాట్ సమస్య, వాల్యూమ్‌ది కాదు. ఉదాహరణకు 2018లో శాంసంగ్ తన కొత్త టీవీల నుంచి డీటీఎస్ అనే ఆడియో ఫార్మాట్‌ను తీసేసింది. అలాంటి ట్రాక్ ఉంటే పక్కన ఏఏసీ స్టీరియో ట్రాక్ ఒకటి అదనంగా జోడించండి. రెండు ట్రాక్‌లు ఉన్నా ఫైల్ పెద్దగా బరువెక్కదు.

మొత్తం ఎన్‌కోడ్ చేసే ముందు రేంజ్‌లో చివరి ఐదు నిమిషాలు ఎంచుకుని ఒక ముక్క తీసి, టీవీలో పెట్టి చూడండి. రాత్రంతా కంప్యూటర్ నడిపి పొద్దున్నే తల పట్టుకునే టెన్షన్ ఉండదు. ఇంత శ్రమెందుకు, యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెడితే చాలదా అంటారు. అక్కడ వీడియోను మళ్లీ కుదిస్తారు. ఎడిటింగ్‌లో వేసిన సినిమా పాటలకు కాపీరైట్ క్లెయిమ్ కూడా రావచ్చు.

5. సింక్ తప్పితే

మాటలు పట్టుకుని చూడకండి. డోలు మీద కర్ర పడే షాట్ వెతకండి, కెమెరా డోలుకు దగ్గరగా ఉన్నది. మండపానికి 15 మీటర్ల దూరం నుంచి తీసిన షాట్‌లో శబ్దం మైక్‌ని చేరడానికే 40 మిల్లీసెకన్లు దాటుతుంది. 25 ఫ్రేమ్‌ల వీడియోలో అది ఒక ఫ్రేమ్. దాన్ని సరిచేయబోతే మిగతాదంతా చెడుతుంది.

మొదట్లో, మధ్యలో, చివర్లో చూడండి. తేడా అంతటా ఒకటే అయితే వీఎల్‌సీలో జే, కే కీలు నొక్కుతూ కుదిరే అంకె పట్టుకుని, ఎంకేవీటూల్‌నిక్స్‌లో ఆడియో ట్రాక్‌కి అదే అంకె డిలేగా ఇవ్వండి. మైనస్ గుర్తు ఉంటే దాంతో సహా. తేడా పెరుగుతూ పోతుంటే డిలేతో లాభం లేదు. మీరు రెండో మెట్టు వదిలేసి ముక్కలు అతికించి ఉంటారు, అక్కడికే వెళ్లండి.

పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేటప్పుడు ఫైల్ పట్టదని చూపిస్తే డ్రైవ్ నిండినట్టు కాదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసి మళ్లీ ఎక్కించండి, ముందు అందులో ఉన్నవి బయటికి తీసి పెట్టుకుని.