భరణం కేసుకు ఫీజు లేనప్పుడు

భర్త ఖర్చులకు ఇవ్వడం మానేశాక, వకీలు ఫీజుకు జంకి ఆగిపోయిన మా చెల్లెలిని తిరుపతి కోర్టు ఆవరణలో ఉచిత న్యాయసహాయం అందించే న్యాయసేవాధికార కమిటీ కార్యాలయానికి తీసుకువెళ్లాను. తెల్ల రేషన్ కార్డు ఉంటేనే సాయమని చాలామంది అనుకుంటారు గాని, 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేదు. కోర్టు ఫీజు భారం కూడా తప్పుతుంది.

కమిటీ కేటాయించిన ప్యానెల్ వకీలు, నేర విచారణ విధానపు చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద మా చెల్లెలికీ ఆమె బిడ్డకూ భరణం కోరారు. అసలు శ్రమంతా ఆస్తులు, అప్పుల అఫిడవిట్ దగ్గరే. 2020లో రజనీష్, నేహా కేసులో సుప్రీంకోర్టు ఇరుపక్షాలకూ తప్పనిసరి చేసిన ఆ పత్రానికి బడి ఫీజు రసీదులు, మందుల బిల్లులు, పాస్‌బుక్ నకళ్లు జతచేశాం. బావగారు జీతం తగ్గించి చూపారు. ఆయన కట్టే కారు వాయిదా మాత్రం ఆ జీతానికి పొసగలేదు. కేసు తేలేదాకా ఇచ్చే మధ్యంతర భరణం దరఖాస్తు తేదీ నుంచే మంజూరైంది.