వీడియో కాల్ నేర్చుకుందాం – 4వ పాఠం: కుర్చీ తిప్పండి

పోయిన పాఠంలో ‘కిటికీ దగ్గర కూర్చోండి’ అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఎటు తిరిగి కూర్చోవాలో చెప్పకపోవడం నా పొరపాటు. చాలామంది కిటికీకి వీపు పెట్టి కూర్చున్నారు. అవతల మనవలకు నానమ్మ బదులు నల్లటి నీడ కనిపించింది. అందుకే గ్రూపు కాల్ పాఠం వచ్చే వారానికి జరిపాను.

కాల్ కలపడం మీకు వచ్చేసింది, దాని జోలికి పోను. కెమెరా తన ముందున్న వెలుతురునంతా కలిపి లెక్కగడుతుంది. వెనుక ఎండ ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని బొమ్మ మొత్తాన్ని తగ్గిస్తుంది. కిటికీ చక్కగా వస్తుంది, ముఖం మసకేస్తుంది. ట్యూబులైటు వేసినా పగటి ఎండ ముందు అది చాలదు. ఫోను పాడైందని కొత్తది కొనబోయినవారూ ఉన్నారు. దయచేసి కొనకండి, కుర్చీ తిప్పండి. తెరిచిన వీధి గుమ్మం, బాల్కనీ, ఎండ పడే తెల్లగోడ, అద్దాల బీరువా, కారు కిటికీ: ఇవేవీ వీపు వెనుక ఉండకూడదు. వెలుగు ఎప్పుడూ ముఖం మీద పడాలి.

చీకటి గదీ పనికిరాదు. వెలుతురు చాలకపోతే బొమ్మలో చుక్కలు కదలాడతాయి. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఆ చుక్కల వల్ల బొమ్మ మరింత చెదురుతుంది.

నేనైతే ఫోను చేత్తో పట్టుకోను, బియ్యం డబ్బాకు ఆనించి కళ్ల ఎత్తులో ఉంచుతాను.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 2009లో బీఎస్ఎన్ఎల్ 3జీతో వీడియో కాల్ వచ్చినా ఇద్దరి దగ్గరా 3జీ ఫోను ఉంటేనే మాట కలిసేది. 2016 సెప్టెంబరులో జియో 4జీ, నవంబరులో వాట్సాప్ వీడియో కాల్ వచ్చాయి. ఆ తరువాతే మామూలు ఇళ్లలోనూ రోజూ ముఖం చూసుకునే వీలు దొరికింది. చేతికందిన ఆ ముఖాన్ని చీకట్లో పోగొట్టుకోకండి.

దుబాయిలో కొడుకు ఉన్న ఒక తల్లి, వాడితో వాట్సాప్‌లో కాల్ ఎందుకు కలవదని అడిగారు. అక్కడ వాట్సాప్ కాల్ పనిచేయదు, బోటిమ్ అనే కాల్ యాప్ వాడాలి. వెలుతురు సంగతి అందులోనూ ఇదే.

అభ్యాసం: ఆదివారం ఉదయం 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 5కి ఒకే గదినుంచి మూడు కాల్స్ చేయండి. అమెరికాకు మాత్రం కాదు, మన మధ్యాహ్నానికి డాలస్‌లో అర్ధరాత్రి దాటుతుంది. పక్క వీధిలోని చెల్లెలికో, వదినకో చేయండి. కళ్లజోడు వెనుక మీ కళ్లు కనిపిస్తున్నాయని వారు చెప్పేదాకా కుర్చీ జరుపుతూ ఉండండి. ఆ మూడు చోట్లా నేలమీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి.