ఇంట్లో ఉండి మీడియా పరిచర్య చేసేవాళ్ళు సపోర్ట్ ఎలా అడగాలి

వందనాలు అండి. నేను రాజమండ్రిలో ఉంటా, ఏడేళ్ళుగా ఇంటి నుంచే పని చేస్తున్నా. బైబిల్ కథలు కోయ భాషలో రికార్డ్ చేసి ఎడిట్ చేసి మెమరీ కార్డుల్లో వేసి చింతూరు, భద్రాచలం వైపు సేవ చేసే బ్రదర్స్‌కి ఇస్తాం, వాళ్ళు వాటిని చిన్న స్పీకర్లలో పెట్టి ఊళ్ళల్లో వినిపిస్తారు. ఈ మధ్య ఎడిటింగ్, డబ్బింగ్, యానిమేషన్ వచ్చిన పిల్లలు చాలామంది ఫుల్ టైమ్ పరిచర్యకి వస్తామంటున్నారు, అందరూ అడిగేది ఒకటే, నెల ఎలా గడుస్తుంది అన్నా అని. అందుకే నాకు తెలిసింది మొత్తం ఇక్కడ రాస్తున్నా.

ముందు మన అసలు ఇబ్బంది ఏంటో చూడండి. ఊళ్ళకి వెళ్ళి సువార్త చెప్పే సేవకుడు కష్టపడటం జనానికి కనిపిస్తుంది. మనం తలుపేసుకుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటాం, పక్కింటివాళ్ళకే కాదు సొంత సంఘానికి కూడా ఇంట్లో ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తాం. ఇంకోటి, మీడియా అనగానే అందరికీ కెమెరా గుర్తొస్తుంది గానీ ఆ కెమెరా వెనకాల ఉన్నవాడి బియ్యం గుర్తురాదు. మొదటి ఏడాది నాకు ఒక కుటుంబం మంచి మైక్ కొనిచ్చారు, ఇప్పటికీ దాంతోనే రికార్డ్ చేస్తున్నా, దేవుడు వాళ్ళని దీవించాలి. కానీ అదే నెల ఇంటద్దె కట్టడానికి నా దగ్గర డబ్బుల్లేవు, ఆ మాట వాళ్ళకి చెప్పడానికి నోరు రాలేదు. చెప్పి ఉండాల్సింది. మీరు సపోర్ట్ అడిగేది ముఖ్యంగా పరికరాల కోసం కాదు, ఆ పని చేసే మనిషి బతకడం కోసం, ఇది ముందు మీ మనసులో తేల్చుకోండి.

అసలు అడగొచ్చా అనే ప్రశ్న మన తెలుగు విశ్వాసుల్లో గట్టిగానే ఉంటుంది. సువార్తికుడు భక్త సింగ్ గారు తన అవసరాలు మనుషులకి చెప్పకుండా ప్రార్థన మీదే ఆధారపడ్డారు, ఆయన హైదరాబాద్లో పెట్టిన హెబ్రోను సంఘం నుంచి వచ్చిన సహవాసాల్లో ఇప్పటికీ ఆ పద్ధతే. ఆ దారిలో నడిచేవాళ్ళంటే నాకు చాలా గౌరవం. కానీ వాక్యంలో అదొక్కటే లేదు. పౌలు గారు కొరింథులో డేరాలు కుట్టుకుని బతికారు, ఫిలిప్పీ సంఘం పంపిన కానుక తీసుకున్నారు, స్పెయిన్‌కి వెళ్ళేటప్పుడు మీరు నన్ను సాగనంపుతారని ఆశిస్తున్నా అని రోమా సంఘానికి నేరుగా రాశారు కూడా, రోమా 15:24 చూడండి. మన ప్రాంతం సంగతే తీసుకోండి, 1903లో తమిళనాడు తిరునెల్వేలి విశ్వాసులు సొంత మిషనరీ సొసైటీ పెట్టుకుని వాళ్ళ కానుకలతోనే డోర్నకల్ వైపు మన తెలుగువాళ్ళ మధ్యకి మిషనరీల్ని పంపారు, ఆ సొసైటీ పెట్టినవాళ్ళలో ఒకరైన అజరయ్య గారు తర్వాత తనే అక్కడికి వచ్చి 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. మామూలు విశ్వాసులు కలిసి వేసిన కానుకలే ఆ సేవని నడిపించాయి, కాబట్టి అడగడం తప్పేమో అని మూడేళ్ళు ఆగిపోకండి, నేను ఆగాను, దానివల్ల పని ఆగింది తప్ప ఇంకేం రాలేదు.

సరే పనిలోకి వద్దాం. ఎవరినీ అడగకముందు నోట్‌బుక్ తీసి లెక్క రాయండి, భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుని రాయాలి. మా లెక్క ఉదాహరణకి చెప్తా. ఇంటి ఖర్చు అద్దెతో, పిల్లల ఫీజుతో కలిపి 24,000, అందులో మా ఆవిడ టైలరింగ్‌లో వచ్చే 4,000 తీసేస్తే 20,000 కావాలి. పరిచర్య ఖర్చులో ఇంటర్నెట్ 900, సిస్టమ్ వల్ల ఎక్కువ వచ్చే కరెంట్ బిల్లు 1,000, కోయ మాట్లాడే ఇద్దరు వచ్చి రెండ్రోజులు రికార్డింగ్‌కి కూర్చుంటే వాళ్ళు పోగొట్టుకునే కూలి, దారి ఖర్చు కలిపి 4,000, మెమరీ కార్డులు 2,000, ప్రయాణాలు 2,000. ఇక్కడ అందరూ మర్చిపోయేది ఒకటుంది, లాప్‌టాప్ ఎప్పటికీ ఉండదు. 72,000 పెట్టి కొన్నది నాలుగేళ్ళు వస్తుందనుకుంటే నెలకి 1,500 పక్కన పెట్టాలి, హార్డ్ డిస్క్ కోసం ఇంకో 600. ఇవి పెట్టుకోకపోతే అది పాడైన రోజున మళ్ళీ అందరి ముందు చేతులు చాచాలి, పోయిన రికార్డింగులు మాత్రం తిరిగి రావు. మొత్తం 32,000. ఈ అంకె మీ నోటికి తడబడకుండా రావాలి, ఎంత కావాలి బ్రదర్ అని అడిగితే ప్రభువు ఎలా నడిపిస్తే అలా అని నసిగితే ఎదుటివాళ్ళకి ఏమివ్వాలో తెలీదు.

ఇప్పుడు ఆ 32,000ని మనుషుల మధ్య పంచుకోండి. సంఘం 5,000, నెలకి 2,000 ఇవ్వగలిగినవాళ్ళు ఇద్దరు, 1,000 ఇచ్చేవాళ్ళు ఎనిమిది మంది, 500 ఇచ్చేవాళ్ళు ముప్పై మంది, అంతా కలిపితే సరిపోయింది. అంటే సుమారు నలభై మంది. నలభై మంది మీకు తెలుసు, తెలీదనుకోకండి, ఫోన్‌లో కాంటాక్ట్స్ మొదటి నుంచి చివరిదాకా చూస్తూ వంద పేర్లు రాయండి, సండే స్కూల్ టీచర్, పాత ఆఫీసువాళ్ళు, కాలేజీలో కలిసి ప్రార్థన చేసినవాళ్ళు, పిన్ని కొడుకు, ఎవరైనా సరే. ఒక్కరే 20,000 ఇస్తామంటే కృతజ్ఞతగా తీసుకోండి గానీ ఒక్కరి మీదే కుటుంబాన్ని ఆనించకండి, వాళ్ళ ఉద్యోగం పోయిన నెల మీ ఇల్లు కూడా ఆగిపోతుంది. 500 ఇచ్చేవాళ్ళని చిన్నచూపు అసలు చూడొద్దు. మన సంఘాల్లో అమ్మలు వంట చేసేటప్పుడు గుప్పెడు బియ్యం తీసి సేవ కోసం పక్కన పెడతారు చూడండి, మిజోరాం సంఘాల్లో 1910లో స్త్రీలు మొదలుపెట్టిన ఆ గుప్పెడు బియ్యమే ఇప్పటికీ అక్కడ సేవకి పెద్ద ఆధారం.

అందరికంటే ముందు మీ పాస్టర్ గారి దగ్గరికి వెళ్ళండి. ఆయనకి తెలీకుండా సంఘంలో ఒక్కర్ని కూడా అడగొద్దు, దశమభాగం మా సేవకి ఇవ్వండి అని అసలే అనొద్దు, అది వాళ్ళ సంఘానిది. నేనేం చేశానంటే మా పాస్టర్ గారిని, ఆయన భార్య అమ్మగారిని ఇంటికి పిలిచి టీ ఇచ్చి పక్కనే కుర్చీ వేసి పని చూపించా, పది నిమిషాల కథ ఒక్కదానికి ఎన్ని టేకులు, బయట కుక్క మొరిగితే ఎలా కట్ చేయాలి, ఒక కోయ మాట ఒక ఊరోళ్ళకి ఒకలాగా ఇంకో ఊరోళ్ళకి ఇంకోలాగా ఉంటే మళ్ళీ ఎలా చెప్పించాలి అన్నీ. రెండు గంటలు కూర్చున్నాక ఆయన, ఇంత పనని నాకు తెలీదు అన్నారు, ఆ ఆదివారం ఆయనే సంఘానికి చెప్పారు. ఎన్ని పోస్టర్లు డిజైన్ చేసినా రానిది ఆ రెండు గంటల్లో వచ్చింది. కుదిరితే సంఘం నుంచి ఒక లెటర్ కూడా తీసుకోండి, బయటివాళ్ళు అడిగినప్పుడు చూపించడానికి.

మిగతావాళ్ళని ఒక్కొక్కరిగా కలవండి. వీడియో కింద ఫోన్‌పే నంబర్ వేసి ఊరుకుంటే సపోర్ట్ రాదు, ఆ వీడియో చూసేవాళ్ళకి మీరెవరో తెలీదు. పైగా తెలీని అకౌంట్ నుంచి వచ్చిన డబ్బు ఏదైనా మోసం కేసులోదైతే మీ అకౌంట్ కూడా ఫ్రీజ్ అయ్యే ప్రమాదం ఉంది, అందుకే తెలిసినవాళ్ళ దగ్గరే మొదలుపెట్టండి. ముందు ఫోన్ చేసి విషయం దాచకుండా చెప్పండి, అన్నయ్యా, నా పరిచర్య గురించి, సపోర్ట్ గురించి మాట్లాడాలి, ఓ అరగంట ఎప్పుడు రమ్మంటారు అని. ఊరికే వచ్చా అని వెళ్ళి చివర్లో డబ్బు మాట ఎత్తితే వాళ్ళకి బాధేస్తుంది. కూర్చున్నాక ఒక కథ రెండు నిమిషాలు వినిపించండి, అర్థం కాకపోయినా ఆ గొంతు విననివ్వండి. తర్వాత లెక్క చూపించి, అన్నయ్యా, నెలకి వెయ్యి రూపాయలు ఒక సంవత్సరం పాటు నిలబడగలరా, వదినతో మాట్లాడి ప్రార్థన చేసి చెప్పండి, కుదరదన్నా నేనేం అనుకోను అని సూటిగా అడిగి ఆగిపోండి. ఆ తర్వాత వచ్చే మౌనం చాలా కష్టంగా ఉంటుంది, దాన్ని మాటలతో నింపకండి. వారం తర్వాత ఒక్కసారి ఫోన్ చేయండి, రెండోసారి కూడా తేల్చకపోతే వదిలేయండి, బంధం ముఖ్యం.

సరే అన్నవాళ్ళతో అదే రోజు తేదీ మాట్లాడుకోండి, జీతం పడిన మర్నాడు డబ్బు దానంతటదే వెళ్ళేలా బ్యాంక్‌లో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టుకుంటే ప్రతి నెల గుర్తుచేయాల్సిన ఇబ్బంది ఇద్దరికీ ఉండదు.

డబ్బు విషయంలో చట్టం సంగతి కాస్త నిదానంగా చదవండి. పరిచర్యకి వేరే బ్యాంక్ అకౌంట్ పెట్టుకుని ప్రతి రూపాయి అందులోకే రానివ్వండి. బంధువులు కానివాళ్ళ దగ్గర నుంచి కానుకలుగా వచ్చింది ఆర్థిక సంవత్సరంలో మొత్తం 50,000 దాటితే దాటినంత వరకే కాదు, మొత్తం ఆదాయం కింద లెక్కకొస్తుంది, మీ మొత్తం ఆదాయం పన్ను మినహాయింపు పరిమితి దాటితే చివరికి పన్ను పడకపోయినా రిటర్న్ మాత్రం వేయాలి, ఒక ఆడిటర్‌ని కలిసి మొదటి ఏడాది నుంచే సరిగా చేసుకోండి. ఇచ్చినవాళ్ళకి పన్ను మినహాయింపు తెచ్చే 80జి రసీదు మీరు వ్యక్తిగతంగా ఇవ్వలేరు, అడిగినవాళ్ళకి ఆ మాట ముందే చెప్పండి. విదేశాల సంగతి ఇంకా జాగ్రత్త. డల్లాస్‌లో ఉన్న మీ ఫ్రెండ్ ఇంకా ఇండియన్ పాస్‌పోర్ట్ మీదే ఉంటే తన సొంత సేవింగ్స్ నుంచి బ్యాంక్ ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు, అదే వాళ్ళు అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది) మీద ఉంటే విదేశీ విరాళాల చట్టమైన ఎఫ్‌సీఆర్‌ఏ ప్రకారం విదేశీ విరాళమే, రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా పరిచర్య కోసం తీసుకోకూడదు. ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న ట్రస్ట్‌కి పంపిస్తాం, వాళ్ళ నుంచి మీ సంస్థకి వస్తుంది అని ఎవరైనా అంటే అదీ కుదరదు, 2020 సవరణ తర్వాత ఒక సంస్థ ఆ డబ్బుని ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు. కాబట్టి అడగక ముందే పాస్‌పోర్ట్ ఏదో అడగండి, సిగ్గుపడాల్సిన విషయం కాదు. యూట్యూబ్ యాడ్స్ మీద ఆశ పెట్టుకోకండి, షార్ట్స్ కాని మామూలు వీడియోలకైతే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వ్యూస్ వచ్చాకే యాడ్స్ డబ్బు మొదలవుతుంది, కోయ కథలకి అదెప్పటికో.

తర్వాత రిపోర్ట్. నెల మొదటి వారంలో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్, ఒక ఫోటో, జమా ఖర్చు ఒక పేజీ, అంతే. వాట్సాప్ గ్రూప్ కంటే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ మంచిది, ఎవరెవరు ఇస్తున్నారో ఒకరికొకరికి తెలీదు, కాకపోతే మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే వెళ్తుంది కాబట్టి ముందే చేయించుకోండి. గంటలు రాయండి, ఈ నెల 3 కథలు పూర్తయ్యాయి, ఎడిటింగ్‌కి 90 గంటలు పట్టింది అని, ఎందుకంటే ఆ గంటలు చూసేవాళ్ళు మీరు తప్ప ఎవరూ లేరు. పని జరగని నెల జరగలేదనే రాయండి. ఊళ్ళల్లో విన్నవాళ్ళ ముఖాలు, పేర్లు, ఊరి పేరు మాత్రం పెట్టకండి, మన రిపోర్ట్ ఎక్కడెక్కడికి ఫార్వర్డ్ అవుతుందో మన చేతిలో ఉండదు, దాని వల్ల ఇబ్బంది పడేది వాళ్ళు.

ఆరు నెలలకో ఏడాదికో కొంతమంది ఆగిపోతారు. నెల ఆగిన వెంటనే డబ్బు గురించి అడగకండి, ఇంట్లో ఎలా ఉన్నారో కనుక్కోండి. మాకు 500 పంపే ఒక సిస్టర్ గారు రెండు నెలలు పంపలేదు, ఫోన్ చేస్తే భర్త హాస్పిటల్లో ఉన్నారని తెలిసింది, నేనూ మా ఆవిడా అన్నం వండి తీసుకెళ్ళి సాయంత్రం దాకా అక్కడే కూర్చుని వచ్చాం. ఆమె పేరు ఇప్పటికీ మా ప్రార్థన లిస్టులో ఉంది, డబ్బు కాలమ్‌లో మాత్రం ఆ నెలలు ఖాళీగా వదిలేశా, ఆ వెయ్యి రూపాయలకి ఇంకో ఇద్దరిని వెతికా.