నాగావళి ప్రాపర్ నౌన్, నది కామన్ నౌన్: తేడా పట్టుకోవడం ఎలా?

నాగావళి ఒక్కటే. నది అంటే నాగావళీ కావచ్చు, వంశధారా కావచ్చు. ఒకదానికే పెట్టిన పేరు ప్రాపర్ నౌన్, ఆ రకానికంతటికీ చెల్లే మాట కామన్ నౌన్. ఈ నిర్వచనం పిల్లలు ఇట్టే అప్పజెప్పేస్తారు, తడబాటంతా వాక్యంలోనే. ఇంగ్లీషులో పెద్దక్షరం ఆసరా ఉంటుంది, తెలుగు రాతలో అదీ లేదు.

అందుకని మాట ముందు 'ఏ' పెట్టి అడిగించండి. 'ఏ ఊరు?' 'బొబ్బిలి.' అడిగిన మాట కామన్, జవాబుగా వచ్చింది ప్రాపర్. 'ఏ బొబ్బిలి?' అని ఎవరూ అడగరు.

చాలామంది 'లు' చేర్చి చూడమంటారు. నదులు, గుడులు వరకు బాగానే ఉంటుంది. జీడిపప్పు దగ్గర చిక్కొస్తుంది. తూచి అమ్మే సరుకు కాబట్టి దానికి మామూలుగా బహువచనం వాడం. అంతమాత్రాన అది ప్రాపర్ అయిపోదు. 'ఏ జీడిపప్పు?' 'పలాస జీడిపప్పు.' పలాస ప్రాపర్, జీడిపప్పు కామన్. పొందూరు ఖద్దరు, బుడితి ఇత్తడి కూడా ఇంతే. 'క్లాసులో ముగ్గురు సూర్యనారాయణలున్నారు' అన్నప్పుడు 'లు' వచ్చినా అది సొంత పేరే.

మార్కులు ఎక్కువగా పోయేది అర్థమున్న పేర్ల దగ్గర. చీపురు కామన్, పల్లె కామన్. చీపురుపల్లి మాత్రం విజయనగరం జిల్లాలో ఒక ఊరు, మొత్తం కలిపి ప్రాపర్. 'కొత్త ఊరికి వెళ్లారు' అంటే ఏ ఊరైనా కావచ్చు. 'కొత్తూరు బస్సెక్కారు' అంటే శ్రీకాకుళం దగ్గరి వాళ్లకి ఆ ఊరేదో తెలుసు. పేరును ముక్కలుగా విరిచి చూడొద్దు. ఆ వాక్యంలో అది దేన్ని చూపిస్తోందో చూడాలి.

ఇంగ్లీషు పరీక్షకి ఇంకొకటి కావాలి. రోజులు, నెలలు, భాషల పేర్లు ప్రాపర్, పెద్దక్షరంతో మొదలవుతాయి. 'ఏ మంగళవారం?' అని అడగొచ్చు గనక ఇక్కడ మన 'ఏ' పరీక్ష పనిచేయదు, గుర్తుపెట్టుకోవలసిందే. వేసవి, శీతాకాలం లాంటి రుతువులు చిన్నక్షరమే.

ఈ వాక్యం రాయించి చూడండి: 'మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి జనం వచ్చారు.' జనం కామన్, మిగతా పేర్లన్నీ ప్రాపర్. సిరిమాను (ఆ ఉత్సవంలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) అని విడిగా అంటే కామన్, ఎందుకంటే ఏటేటా కొత్త చింతమాను తెస్తారు.