గైరోతో గురి: మణికట్టుకి నేర్పించండి

బీజీఎంఐ (బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే ఫోన్ షూటింగ్ గేమ్ సెట్టింగ్స్‌లో గైరోస్కోప్‌ని, అంటే ఫోన్ కదలికని పసిగట్టే సెన్సర్‌ని, ముందు 'స్కోప్ ఆన్'లోనే పెట్టండి. అప్పుడు స్కోప్ (తుపాకీ మీది దుర్భిణి) తెరిచినప్పుడు మాత్రమే ఫోన్ కదలిక గురిని మారుస్తుంది. నేను తొలిరోజే 'ఆల్వేస్ ఆన్' పెట్టి ఆటోలో వెళ్తూ ఆడాను, ప్రతి గుంతకీ గురి తప్పింది.

ట్రైనింగ్ గ్రౌండ్‌లో గోడ మీదకి కాల్చండి. తుపాకీ పైకి తంతుంటే ఫోన్ పైఅంచుని కాస్త అవతలికి వంచండి, గుళ్ళు ఒకేచోట పడతాయి. ఆ సన్నటి సవరణ బొటనవేలితో నాకెప్పుడూ కుదరలేదు! గురి దాటిపోతుంటే సెన్సిటివిటీ (ఫోన్ కదిలితే గురి ఎంత కదలాలో చెప్పే సెట్టింగ్) తగ్గించండి, మణికట్టు బాగా తిప్పాల్సివస్తే పెంచండి. ఆరు రెట్లు దగ్గరగా చూపే 6ఎక్స్ స్కోప్‌కి విడిగా, బాగా తక్కువ పెట్టుకోవాలి.

అరగంట దాటితే నాకు మణికట్టు లాగుతుంది, ఆపేస్తాను. పక్కకి తిరిగి పడుకునో, ఛార్జర్ తగిలించో ఆడేవాళ్లు గైరో ఆఫ్ చేసుకోవడమే మేలు.