కందిరీగలా కనిపించే చిమ్మటను గుర్తుపట్టడం ఎలా?

వానలు పడి గట్ల మీద గడ్డి ఏపుగా పెరిగిన చోట, పెరటి పూలమొక్కల మధ్య, నల్లని ఒంటి మీద పసుపు లేదా ఎర్రని పట్టీలతో అచ్చం కందిరీగను తలపించే పురుగొకటి పట్టపగలే ఎగురుతూ కనిపిస్తుంది. అమాటా ప్రజాతికి చెందిన ఈ చిమ్మటలు మన ప్రాంతంలో ఉన్నవే. వీటికి కొండి లేదు కనుక కుట్టలేవు. అయితే ఆ సంగతిని చేత్తో పట్టుకొని కాదు, కంటితో చూసి తేల్చుకోవాలి.

1. ముందుగా నాలుగైదు అడుగుల దూరంలోనే ఆగండి. చేతులు విసరవద్దు, ఊదవద్దు. చూరు కిందగాని కొమ్మల్లోగాని కందిరీగల తుట్టె కనిపిస్తే పరిశీలన అక్కడితో మాని వెనక్కి వచ్చేయండి.

2. ఎగిరే తీరు చూడండి. కందిరీగ చురుకుగా, చటుక్కున దిక్కు మార్చుకుంటూ ఎగురుతుంది. అమాటా చిమ్మట బద్ధకంగా కొద్ది దూరం పోయి మళ్లీ ఏ గడ్డిపోచ మీదో వాలుతుంది.

3. వాలిన తరువాత రెక్కలను గమనించండి. అన్నిటికన్నా నమ్మదగిన గుర్తులు ఇక్కడే దొరుకుతాయి. అమాటా సాధారణంగా రెక్కలను రెండు పక్కలకూ చాపి కూర్చుంటుంది, ఆ నల్లని రెక్కల్లో పొలుసులు లేని చోట అద్దపు కిటికీల వంటి మచ్చలుండి, వాటిలోంచి కింది ఆకు పచ్చదనం కనిపిస్తుంది. తుట్టెలు కట్టే కందిరీగలైతే ముందు రెక్కలను నిలువునా మడిచి, సన్నని పట్టీల్లా వీపు వెంట పెట్టుకుంటాయి.

4. ఫోనులో ఫోటో తీసి, పెద్దదిగా చేసి నడుము చూడండి. కందిరీగ నడుము దారంలా సన్నగా ఉంటుంది, చిమ్మటకు అలాంటి నొక్కు ఉండదు. తేనెటీగకూ నడుము అంత సన్నగా కనిపించదు కాబట్టి ఈ ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పకండి. నోటి దగ్గర చుట్టచుట్టుకున్న తొండం కనిపిస్తే అది చిమ్మటే.

సెసియిడే కుటుంబపు చిమ్మటలు మరింత గడుసువి. ఐరోపాలోని సెసియా ఏపిఫార్మిస్ రెక్కలు దాదాపు పూర్తిగా పారదర్శకం, ఒళ్లు పసుపు నలుపు చారలు; అక్కడ మూడో గుర్తు పనిచేయదు, నడుమునే చూడాలి. హానిలేని జీవి ప్రమాదకరమైనదాని రూపు దాల్చి పక్షులను తప్పించుకుంటుందని ఆంగ్లేయ ప్రకృతి శాస్త్రవేత్త హెన్రీ వాల్టర్ బేట్స్ 1862లో అమెజాన్ సీతాకోకచిలుకల ఆధారంగా వివరించాడు. చీకట్లో చారలు ఎవరికి కనిపిస్తాయి? ఈ వేషం పగటిపూటే అక్కరకొస్తుంది.

5. ఇంట్లోకి వస్తే కిటికీ తెరవండి. పోకపోతే గాజు గ్లాసు బోర్లించి, కింద దళసరి కాగితం దూర్చి బయట వదలండి. అనుమానం తీరనంతవరకు దాన్ని కందిరీగగానే లెక్కించండి. చిమ్మట అని తేలినా రెక్కలు పట్టుకోవద్దు, పొలుసులు రాలిపోతాయి.

6. పొరపాటున నిజమైన కందిరీగే కుడితే ఆ చోటును సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన మంచుముక్క పెట్టండి. ఊపిరి ఆడకపోయినా, పెదవులు, గొంతు వాచినా, కళ్లు తిరిగినా ఆగకుండా 108కు ఫోన్ చేయండి.