సీఆర్‌టీలో, అంటే పాత ట్యూబు మానిటర్‌లో, కంప్యూటర్ నుంచి పాత ఆటలు పెట్టే ముందు

కడపలో వేసవి మధ్యాహ్నం, కరెంటు వచ్చి పోతుండే వేళ ఈ పని పెట్టుకోవద్దు.

ముందు మానిటర్ వెనక అంటించిన చీటీ చదవండి. పాత ఆర్కేడ్ (గేమ్ పార్లర్) మానిటర్లు ఎక్కువగా 15 కిలోహెర్ట్జ్‌వి, అంటే సెకనుకు సుమారు 15 వేల అడ్డ గీతలు గీసేవి; కంప్యూటర్‌వి మామూలుగా 31 నుంచి మొదలు. 15 దానికి 31 పంపితే లోపలి ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు. దీన్ని మాత్రం రెండుసార్లు చూసుకోండి. కంప్యూటర్ లేచేటప్పుడు మొదట కనిపించే బయోస్ తెర మామూలుగా 31లోనే వస్తుంది, అందుకే 15 మోడ్ పడ్డాకే మానిటర్ స్విచ్ వేయాలి.

సన్నగా కీచుమంటూ బొమ్మ ఏటవాలుగా చీలితే చూస్తూ కూర్చోవద్దు. వెంటనే ఆపేయండి.

పాత ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్‌లో ఆడించే ప్రోగ్రామ్ మేమ్‌లో, బొమ్మ మీద అడ్డ గీతలు వేసే స్కాన్‌లైన్ ఫిల్టర్ తీసేయండి, ఆ గీతల అందం ట్యూబే ఇస్తుంది.

వెనక మూత విప్పొద్దు. ప్లగ్ పీకినా ట్యూబులో వేల ఓల్టులు నిలిచి ఉండొచ్చు.